మొదట ఎర్రబడిన గడప

శుద్ధ విదియ

పోటు మామూలే. తూర్పు వరస తాళ్ళు బాగున్నాయి. నేనుండే తెప్పకీ పక్క నాంచారమ్మ తెప్పకీ మధ్య తాడు పీచు లేస్తోంది. పాత వల చీల్చి రెండు మూరలు పేని కలిపాను. తెప్పను తేల్చే డ్రమ్ముల కింద పట్టిన గుల్లలు గీకాను.

దక్షిణం చివర ఒక కొత్త తెప్ప కట్టి ఉంది. అమావాస్యనాటి గాలివానకు ఉత్తరాది తెప్పల వరస ఒకటి తెగి చెల్లాచెదురైపోయిందట. అందులో మిగిలింది ఇదొక్కటే కొట్టుకొచ్చింది. కట్టింది నేనే. వానలో మనిషి కనబడలేదు. తాడు వచ్చి మీద పడింది, కట్టాను. తెల్లారాక చూస్తే ఇద్దరు ఆడవాళ్ళు. కోడలు పైడమ్మ, కళ్ళు కనబడని అత్త. అత్త కొడుకు ఆ గాలివానలోనే పోయాడు.

ఈ పొద్దున అటు వెళ్తే పైడమ్మ పకపకా నవ్వుతూ చెయ్యి ఊపింది.

"ఏటి సిన్నాన్నా! తిన్నావేటి?"

అంత గట్టిగా నన్నెవరూ పలకరించరు. తిన్నానమ్మా అనాలి. నోట్లోంచి రాలేదు. తాడు చూస్తున్నట్టు వంగి, అట్నుంచి అటే తెప్పల వెనక వేసిన పలకల మీదుగా వచ్చేశాను. ఆ దారి చుట్టు. కాళ్ళు తడుస్తాయి. అయినా అదే నయం.

సాయంత్రం మా వరస పెద్ద వీరాంజనేయులు గడప గడపకీ వచ్చి తీర్పు దీపం వెలిగించమన్నాడు. దక్షిణం చివర తెప్ప మనతో ఉండొచ్చా, కూడదా, అదీ సంగతి. "రాత్రి మంచుకి ఆరేసిన మంచుగుడ్డలు పిండితే వచ్చే తాగేనీళ్ళు మనకే బొటాబొటి. నేనైతే ఔననను, కాదనను. పౌర్ణమి దాకా ఉంది. దీపాలే చెబుతాయి" అన్నాడు.

అన్ని గడపల్లోనూ తెల్లగా వెలిగాయి. ఏదీ తేలనంత వరకు తెలుపే; ఔనైతే ఆకుపచ్చన, కాదైతే ఎర్రన.

చవితి

నాంచారమ్మ కేకకు లేచాను.

"బాబాయ్! బయటికొచ్చి నీ దీపం చూసుకో!"

ఎర్రగా ఉంది. వరస మొత్తం మీద నాదొక్కటే.

మునుపు మేం చేతులెత్తేవాళ్ళం. ఎత్తేముందు పక్కవాడి చెయ్యి చూసుకునేవాళ్ళం. మొహమాటానికి లేచిన చేతులే ఎక్కువ. అందుకని ఈ దీపాలు వచ్చాయి. నోరు అబద్ధమాడుతుంది గాని నడవడి అబద్ధమాడదన్నారు. మన మనసు మనకన్నా ముందు దీపానికి తెలుస్తుందని మా అందరి నమ్మకం. నాదీ అంతే.

అయితే నాకు ఆ మనిషి గిట్టదన్నమాట. నాకే తెలియలేదు.

"ఏం చూశావు బాబాయ్ ఆవిడ దగ్గర?" అంది నాంచారమ్మ.

"ఏం లేదమ్మా."

"పక్క గడపదాన్ని, నాకు చెప్పవా? ఇన్నేళ్ళలో ఒకరి మీద చాడీ చెప్పి ఎరగవు. నీ దీపమే ఎర్రబడిందంటే ఊరికే పడదు."

ఏదో ఒకటి చెబితేగాని కదిలేలా లేదు.

"ఆ నవ్వు..." అన్నాను.

"ఆఁ. నవ్వు" అని తల పంకించి వెళ్ళిపోయింది.

నేనన్నది ఆ ఒక్క మాటే.

షష్ఠి

పడమటి వరసలో రెండు ముళ్ళు బిగించాను.

దీపం ఎర్రబడ్డప్పటి నుంచి ఆ తెప్ప వంక చూస్తే నచ్చనివే కనిపిస్తున్నాయి. చేపలు గాలికి ఎదురుగా ఎండేస్తుంది, కంపంతా ఇటే. ముసలామె పగలంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. ఈమె నవ్వుతుంది. నీళ్ళు తోడుతూ నవ్వు, గుడ్డ పిండుతూ నవ్వు. మొన్నటి దాకా ఇవేవీ నాకు పట్టలేదు. ఇప్పుడు వెతికినట్టు కనబడుతున్నాయి. దీపం అబద్ధం చెప్పలేదులే అనుకున్నాను. మనసు కొంచెం కుదుటపడింది కూడా.

నాంచారమ్మ దీపం నిన్న ఎర్రబడింది. ఇవాళ పెద్దాయన వీరాంజనేయులుది. ఆ వెనక ఇంకో పదీ పన్నెండు.

పలకల మీద ఆడవాళ్ళ మాటలు చెవిన పడ్డాయి.

"మొగుడు పోయి పక్షం తిరగలేదు. ఆ ఇకిలింపులేంటే?"

"ఏడిస్తే నీళ్ళు ఖర్చు కదా, దాచుకుంటోందేమో."

"నీకన్నీ ఎగతాళే. తాళ్ళ బాబాయ్ మొదటి రోజే పసిగట్టాడంట, తెలుసా?"

నేను తాడు వంక చూస్తూ దాటిపోయాను.

అష్టమి

పోటు చప్పగా ఉంది. తాళ్ళన్నీ వదులుగా వేలాడుతున్నాయి.

దీపాలు బాగుచేసే హైమ పడవలో వచ్చింది. అష్టమికి నీళ్ళు నిమ్మళంగా ఉంటాయని ఆ రోజే వస్తుంది. మేం నడిచే పలకలు ఎత్తి, కింద దీపాలకు వెళ్ళే తీగలు తుడిచి మళ్ళీ వేస్తుంది. నా గడప దగ్గర ఆగింది.

"తాతా, వెనక పలకల మీద నీ అడుగులు తెగ పడ్డాయి. ఆవిడ గడప ముందు ఒక్కటీ లేదు. చుట్టు తిరిగి పోతున్నావా?"

"ఆఁ."

"ఎందుకు?"

"పలకరిస్తుంది."

"పలకరిస్తే?"

"జవాబు చెప్పాలి కదమ్మా."

హైమ నవ్వబోయి నా దీపం వంక చూసి ఆగిపోయింది.

"ఓరి నాయనో! అందుకా ఇది ఎర్రబడింది? ఎవరి గడప ముందు ఎంతసేపు ఆగావు, ఎవరి గడప తప్పించి ఎంత దూరం తిరిగావు, పలకలకి తెలిసేది అంతే తాతా. గిట్టనోడూ చుట్టు తిరుగుతాడు, సిగ్గుపడేవాడూ చుట్టు తిరుగుతాడు. పలకకి రెండూ ఒకటే."

"అందరి దగ్గరా అంతేగా నేను."

"వాళ్ళ దగ్గర నీ నడక పలకలు ఏళ్ళ నుంచి చూస్తున్నాయి. ఈవిడ దగ్గర అప్పటికి చూసింది రెండు రోజులేగా."

"మరి మార్చమ్మా."

"దీపం మీద చెయ్యి వేస్తే నన్ను మళ్ళీ ఏ వరసా రానివ్వదు. నడక మార్చుకో. అదే మారుతుంది."

హైమ వెళ్ళిపోయాక తాడు పేనుతూ కూర్చున్నాను. దీపం పొరపాటు పడిందని తెలిశాక చిరాకు పోవాలి కదా. పోలేదు. అటు చూస్తే చేపల కంపే తగులుతోంది. నవ్వు వినబడితే మొహం ముడుచుకుంటోంది. లేని అయిష్టం దీపంలో కనబడింది. కనబడింది కదా అని నేను పెంచుకున్నాను. ఇప్పుడది నిజంగానే ఉంది.

దశమి

నిన్న రెండుసార్లు ముందు పలకల మీద బయలుదేరాను. రెండుసార్లూ వెనక్కి వచ్చాను. ఇవాళ వెళ్ళాను.

"ఏటి సిన్నాన్నా! ఇన్నాళ్ళకి దారి తెలిసిందేటి?" అంది పైడమ్మ.

నిలబడ్డాను.

"నీకు నా మీద కోపమేటి? దీపం ఎర్రగున్నాదట గదా. అందరూ సెప్తన్నారు."

"కోపం కాదమ్మా. మాట రాదు."

నా మొహంలోకి చూసింది. నవ్వింది. ఈసారి ఆ నవ్వు పక్క నుంచి వినడం వేరుగా ఉంది.

"మాట రాకపోతే మానీ. సెయ్యి వస్తాదా? ఈ కొస పట్టు."

చిరిగిన మంచుగుడ్డ కొస చేతికిచ్చింది. పట్టుకున్నాను. ఆమె రెండో కొస దగ్గర కూర్చుని కుడుతోంది. లోపల నుంచి ముసలామె అడిగింది.

"ఎవలే, కోడలా?"

"తాళ్ళాయనే, అత్తా. మనల్ని కట్టినోడు."

"మాటాడడేటి?"

"సిగ్గరి!" అని గట్టిగా అరిచి, మళ్ళీ నవ్వింది. తర్వాత నా వైపు వంగి మెల్లగా చెప్పింది. "గాలివాన నాడు కొడుకు పక్కనే ఉన్నాడనుకున్నాది సిన్నాన్నా. పిలిస్తే పలకలేదు. అలాగ తెలిసింది ఆవిడికి. అప్పట్నించీ సప్పుడు ఆగితే వణికిపోతాది. అందుకే నాను వాగతానే ఉంటాను. నవ్వుతానే ఉంటాను. నవ్వు రాకపోయినా."

గుడ్డ కొస బిగించి పట్టుకున్నాను.

వచ్చేటప్పుడు ఏదో ఒకటి అనాలి. ఏమీ తోచక గట్టిగా దగ్గాను. లోపల నుంచి ముసలామె "ఆఁ, వెళ్ళిరా" అంది.

ద్వాదశి

నిన్న నా దీపం తెల్లబడింది. ఇవాళ పచ్చగా ఉంది. మూడు పూటలా ముందు పలకల మీదే వెళ్తున్నాను. వెళ్ళేటప్పుడు దగ్గుతున్నాను. నిన్న గంజి పోసింది, తాగాను.

వరసలో ఎర్రదీపాలు సగం దాటాయి.

సాయంత్రం నడితెప్ప మీద అందరూ చేరితే లేచి నిలబడ్డాను. నా జన్మలో అక్కడ లేచి నిలబడడం ఇదే మొదలు.

"నా దీపం పొరపాటు. గిట్టక కాదు. పలకరిస్తుందని చుట్టు తిరిగాను" అన్నాను.

నాంచారమ్మ లేచింది.

"సరే బాబాయ్. నీది పొరపాటే అనుకుందాం. నీ దీపం చూసే నేను కనిపెట్టి చూడ్డం మొదలెట్టాను, నిజమే. కానీ చూసింది నా కళ్ళతోనే కదా? ఆ చేపల కంపు నీ దీపం చెప్పిందా? మా మంచుగుడ్డల వంక ఆవిడ చూసే చూపు నీ దీపం చెప్పిందా? మొగుడు పోయిన ఆడది అట్టా నవ్వుతుందా?"

నవ్వు ఎందుకో చెప్పాను. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాను.

"ఆవిడ అట్టా చెప్పింది, నువ్వు నమ్మావు" అంది నాంచారమ్మ.

వెనక నుంచి ఎవరో అన్నారు. "గంజి పోసింది కదా. గంజి గొంతు దిగాక దీపం పచ్చబడక ఏం చేస్తుంది?"

నవ్వులు లేచాయి. కూర్చున్నాను.

నాంచారమ్మ చెడ్డది కాదు. నాకు జ్వరం వస్తే ఆమే కాచి పోస్తుంది. మొన్న నేను నమ్మినట్టే ఆమె నమ్ముతోంది. నేనొక్క మాట అన్నాను, దాని చుట్టూ వాళ్ళు సొంతంగా పది మాటలు పేనుకున్నారు. తాడు నడిమి నుంచి మొదటి పోగు లాగేసినా తాడు విడిపోదు. ఈ పని చేసే నాకు అది తెలిసుండాలి.

చతుర్దశి

పోటు బాగా ఎక్కుతోంది. రేపు పాటు తీసినప్పుడు నీళ్ళన్నీ నడిసముద్రం వైపే లాగుతాయి. అప్పుడు వదిలిన తెప్ప మళ్ళీ ఇటు రాదు.

పెద్దాయన వచ్చి నా గడప మీద కూర్చున్నాడు. చాలాసేపు గాలి గురించి మాట్లాడాడు. తర్వాత చెప్పాడు.

"బాబాయ్, కట్టుబాటు నీకు తెలుసు. రేపు ఎర్రవి ఎక్కువుంటే మొదట ఎర్రబడ్డ గడపే ముడి విప్పాలి."

"నాదిప్పుడు పచ్చన కదయ్యా."

"మొదట ఎర్రబడ్డ గడప అన్నారు. ఎవడూ తేలిగ్గా ఎర్రబడకూడదనే పెట్టారు. నీ తర్వాత నాంచారమ్మ. ఆ తర్వాత నేను." తల దించుకున్నాడు. "నాకు మాత్రం సరదానా? నలభై గడపల గొంతులు తడవాలి."

ఆయన దీపం ఎర్రగానే ఉంది.

నేను పైడమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎండుచేపలు మూట కడుతోంది.

"డ్రమ్ములు ఒకపాలి సూడు సిన్నాన్నా. నీ సెయ్యి పడితే నాకు దయిర్యం" అంది. చూశాను. ఒకటి కారుతోంది. మైనం పెట్టాను. ఇంకోటి బాగోలేదు. చెప్పలేదు. ఆమెకూ తెలుసనుకుంటాను.

లోపల ముసలామె అడిగింది. "ఏటే ఆ మూటలు?"

"సర్దుతన్నానత్తా!" అని అరిచి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో తెగింది. వెంటనే నేను గట్టిగా దగ్గాను.

పౌర్ణమి

పొద్దున దీపాలు లెక్కపెట్టారు. ఎర్రవే ఎక్కువ. చాలా ఎక్కువ.

పాటు మొదలయ్యే వేళకి అందరూ దక్షిణం చివరకు వచ్చారు. పలకలు బరువుకి కుంగి కాళ్ళ మీదికి నీళ్ళొచ్చాయి. పైడమ్మ తెప్ప మీద మూటల మధ్య నిలబడి ఉంది. ముసలామెను తెచ్చి పక్కన కూర్చోబెట్టింది. ఇంతమంది ఉన్నా ఎవరూ మాట్లాడడం లేదు. ముసలామె తల అటూ ఇటూ తిప్పుతోంది.

"బాబాయ్" అన్నాడు పెద్దాయన.

ముడి దగ్గరికి వెళ్ళాను.

"విప్పను" అన్నాను.

"కట్టుబాటు బాబాయ్."

"విప్పను."

పక్కకు జరిగి నిలబడ్డాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తాడు కోయడం మా వరసలో లేదు. తాడు తెగితే మళ్ళీ అంత తాడు పేనడానికి వల దొరకదు. ముడి విప్పాల్సిందే. పెద్దాయన నాంచారమ్మ వైపు చూశాడు.

"తప్పుకోండి" అంటూ ఆమె వచ్చింది. చీర చెంగు దోపుకుని కూర్చుంది. ముడి మీద రెండు చేతులూ వేసింది. నాంచారమ్మకు కీళ్ళవాతం. వేళ్ళు వంకరపోయి ఉంటాయి. లాగింది, ముడి కదల్లేదు. పళ్ళ బిగువున మళ్ళీ లాగింది.

తెప్ప మీద నుంచి పైడమ్మ చూసింది. చూసి, దిగివచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నీకు సేతులు నొప్పి గదప్పా. ఇటియ్యి. నాను ఇప్పుకుంటాను."

తమాషాకు అనలేదు. నిజంగానే చెయ్యి చాపి ముడి పట్టుకుంది. నాలుగు చేతులు ఆ ముడి మీద ఉన్నాయి.

నాంచారమ్మ ఆ చేతుల వంక చూస్తూ ఉండిపోయింది. అప్పుడు ముసలామె వణుకుతూ అడిగింది.

"కోడలా? ఉన్నావా?"

పైడమ్మ నోరు తెరిచింది. నవ్వు రాలేదు. మాటా రాలేదు.

"ఉంది!" అంది నాంచారమ్మ. అందరూ అదిరిపడేంత గట్టిగా అంది. "ఇక్కడే ఉంది, నా ఎదురుగానే ఉంది! ఎక్కడికి పోద్దీ!"

ముసలామె సర్దుకుంది. నాంచారమ్మ పైడమ్మ చేతిని ముడి మీద నుంచి విసురుగా తోసేసింది.

"తియ్యవే చెయ్యి. పెద్ద వచ్చింది విప్పడానికి." తర్వాత మా వైపు తిరిగింది. ఎవరి మొహమూ చూడలేదు. "ముడి తడిసి ఉబ్బిపోయింది. ఇప్పుడు లాగితే తాడు పీలికలవుతుంది. తాడు మనది."

"మరి?" అన్నాడు పెద్దాయన.

"మరేంటి మరి? నీ వంతు ఉందిగా. రా, కూర్చో. లాగు."

పెద్దాయన రాలేదు. ముడి వంక చూశాడు, ముసలామె వంక చూశాడు. చివరికి నా వంక చూశాడు.

"తాళ్ళవాడివి నువ్వు. ముడి తడేనా బాబాయ్?"

అన్ని కళ్ళూ నా మీదే.

"తడే" అన్నాను.

"ఎండాక చూద్దాం అయితే" అన్నాడు.

ఒక్కొక్కరే వెనక్కి వెళ్ళిపోయారు. కొందరు గొణుక్కున్నారు. పాటు తీసింది. దక్షిణం తాడు బాగా బిగిసింది, తెగలేదు.

బహుళ విదియ

పొద్దున వరసంతా తిరిగాను. ఎర్రదీపాలు ఎర్రగానే ఉన్నాయి. నాంచారమ్మది కూడా. ఎవరి మాటా మారలేదు. చేపల కంపు గురించి నిన్న కూడా ఆమె నా దగ్గర గొణిగింది. నీళ్ళు పంచుకునే దగ్గర కసుర్లు వినబడ్డాయి. వచ్చే అమావాస్యకి మళ్ళీ పెద్ద పాటు వస్తుంది. అప్పటికి ఏమవుతుందో చెప్పలేను.

పెద్దాయన రోజుకోసారి అడిగిస్తున్నాడు, ముడి ఎండిందా అని. చూసి రావడానికి నాంచారమ్మ వెళ్ళింది. నన్ను వెళ్ళనివ్వలేదు, నీ మాట ఎవరూ నమ్మరు బాబాయ్, నీ దీపం పచ్చన అంది. ముందు పలకల మీదే వెళ్ళింది. ఆ తెప్ప దగ్గర చాలాసేపు నిలబడింది. ముసలామె "ఎవలది?" అని అడగడం ఇక్కడికి వినబడింది.

"నేనే. నాంచారమ్మని" అంది.

తిరిగొచ్చి నా గడప ముందు ఆగింది.

"తడిగానే ఉంది. రాసుకో" అంది.

రెండు రోజులుగా ఎండ మండిపోతోంది. తెల్లారే నేను వెళ్ళి ఆ ముడి పట్టి చూశాను. ఎండి పెళపెళలాడుతోంది.

తాళ్ళ లెక్క: తూర్పు వరస బాగుంది. పడమర బాగుంది. దక్షిణం చివర ముడి, తడి.